కిల్టు కట్టని జిల్లా

మన జిల్లాలో మగవాళ్ళు కిల్టు కట్టుకుని బజారులో తిరగకపోవడం మనం చేసుకున్న పుణ్యం!

తొందరపడి నవ్వకండి. నేను చూసి చెబుతున్నాను. ముప్పై ఏళ్ళుగా బోధన్ బస్టాండులో బస్సుల కోసం నిలబడుతున్నాను. నిజామాబాద్ గంజి బజారులో, కూరగాయల మార్కెట్‌లో, గుడి మెట్ల మీద, రేషను దుకాణం వరుసలో ఎంతోమంది మగవాళ్ళను చూశాను. కిల్టు కట్టినవాడు ఒక్కడంటే ఒక్కడు కంటబడలేదు. వర్ని దాకా వెళ్ళి చూశాను. లేడు! కందకుర్తిలో గోదావరి స్నానాలకు ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారు. అందులోనూ లేడు! ఇన్ని లక్షల మందిలో ఒక్కడికైనా అలా బజారుకెక్కే ఆలోచన రాలేదంటే, దీన్ని దైవకృప అనక ఏమనాలి?

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కిల్టు అంటే స్కాట్లండ్ అనే చలిదేశంలో మగవాళ్ళు నడుముకు చుట్టుకునే గళ్ళగుడ్డ. మోకాళ్ళ దాకా ఉంటుంది. ముందు సాఫుగా, వెనక కుచ్చిళ్ళతో ఉంటుంది. కాళ్ళకు గాలి బాగా ఆడుతుంది.

"మా నాయన లుంగీ పైకి మడిచి కట్టుకుంటే అచ్చం ఇలాగే ఉంటుంది కదండీ?" అని ఎవరో గొణుగుతున్నట్టున్నారు.

తప్పు! చాలా తప్పు! లుంగీ లుంగీయే, కిల్టు కిల్టే. రెండింటికీ తేడా ఏమిటని అడుగుతారా? అది కంటికి కనబడదు. గేటు దగ్గర కనబడుతుంది.

ఆ గేటు సంగతికి వస్తాను. దానికన్నా ముందు పాంటు గురించి నాలుగు మంచి మాటలు చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. మే నెలలో, నలభై నాలుగు డిగ్రీల ఎండలో, రెండు మందపాటి గొట్టాల్లో కాళ్ళు దూర్చుకుని తిరిగే భాగ్యం మన తాతలకు దక్కిందా? పూర్వం తపస్సు చేయాలంటే ఋషులు అడవికి వెళ్ళి చుట్టూ మంటలు పెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడా శ్రమ లేదు. టెర్లిన్ పాంటు వేసుకుని మిట్టమధ్యాహ్నం ఆర్డినరీ బస్సెక్కితే చాలు. బోధన్ నుంచి నిజామాబాద్ చేరేలోపు సగం మోక్షం చేతికొస్తుంది.

పాంటు వల్ల భక్తికి కూడా ఎంతో సౌకర్యం! వెనకటివాళ్ళు గుళ్ళో సాష్టాంగపడితే లేచేసరికి పది నిమిషాలు పట్టేది. అంతసేపూ దేవుడు వాళ్ళ మొర వినాల్సిందే. ఇప్పుడు బిగుతు పాంటువాడు వంగలేడు. నిలబడే రెండు వేళ్ళు చెంపలకు తాకించి వెళ్ళిపోతాడు. స్వామివారికి ఎంత తీరిక దొరికిందో చూడండి!

పంక్తిభోజనాల్లో మాత్రం? ధోవతి కట్టినవాడు బాసింపట్టు వేసుకుని మూడుసార్లు అన్నం అడుగుతాడు. పాంటువాడు కింద కూర్చోవడమే గండం. కూర్చున్నాడా, రెండో ముద్దకే కుట్లు పుటుక్కుమంటాయి. మర్యాదగా లేచిపోతాడు. పెళ్ళిపెద్దకు ఎంత అన్నం మిగిలినట్టు?

ఇంత మేలు చేసే పాంటును కాపాడుకోవాలా, వద్దా? కాపాడుకోవాలనే మన నిజామాబాద్‌లో ఒక క్లబ్బువాళ్ళు కంకణం కట్టుకున్నారు. క్లబ్బు పేరు ఎందుకులెండి, మంచిపనులు చేసేవాళ్ళకు ప్రచారం గిట్టదు. వాళ్ళ గేటుకు పచ్చరంగు బోర్డు ఉంటుంది. దాని మీద తెల్లటి అక్షరాలు: "లుంగీ, ధోవతి కట్టుకున్నవారికి లోనికి ప్రవేశం లేదు."

తొంభై ఆరు మే నెలలో ఆ క్లబ్బులో ఒక పెళ్ళి జరిగింది. నేను పాంటు వేసుకుని వెళ్ళినవాణ్ణి కాబట్టి లోపల జరిగినదంతా కళ్ళారా చూశాను. బయట జరిగినది లింబాద్రి నోటినుంచే విన్నాను.

లింబాద్రిది మోస్రా. చెరుకు, వరి పండించే రైతు. యాభై ఐదేళ్ళుంటాయి. చెరుకు మోపులు ఎత్తీ ఎత్తీ ఆయన తొడలు మన ఇళ్ళ దూలాల్లా ఉంటాయి. పుట్టి బుద్ధెరిగాక పాంటు వేసుకోలేదు. వేసుకోవాలన్న కోరికా లేదు. పొలంలో లుంగీ, ఊళ్ళోకి వస్తే ధోవతి. ఆయన అక్క సుమిత్రమ్మను నిజామాబాద్‌లో చిన్న కిరాణా దుకాణం నడిపే లక్ష్మీరాజానికి ఇచ్చారు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు స్వరూప పెళ్ళి అది. ఇంటి ముందు వీధంతా మురుగు మోరీ పైపుల కోసం తవ్వి వదిలేశారు. పందిరి వేయడానికి చోటు లేక, తెలిసిన మెంబరు ఒకాయన చేత చెప్పించుకుని లక్ష్మీరాజం క్లబ్బు లాను మాట్లాడుకున్నాడు.

లింబాద్రికి ఆడపిల్లలు లేరు. స్వరూపకు చెవులు కుట్టించింది ఆయన ఒళ్ళోనే. ఆ నొప్పికి పిల్ల ఆయన బొటనవేలు కొరికిందట. ఆ మచ్చ ఆయన ఇప్పటికీ అందరికీ చూపిస్తాడు. వాళ్ళింటి ఆచారం ప్రకారం పెళ్ళికూతుర్ని మేనమామే గంపలో కూర్చోబెట్టి, ఎత్తుకుని పెళ్ళిపీటల దగ్గరికి తేవాలి. మేనమామ ఎత్తనిదే పిల్ల కదలదు. పిల్ల కదలనిదే లగ్నం లేదు. అదీగాక, గంప ఎత్తేటప్పుడు మేనమామ కొత్త ధోవతి కట్టుకుని ఉండాలని పెళ్ళి చేయించే అయ్యగారు వారం ముందే గట్టిగా చెప్పారు.

లింబాద్రి చెప్పినట్టే చేశాడు. తెల్లవారకముందే స్నానం చేశాడు. పెద్ద అంచు తెల్లధోవతి కట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ అల్లనంత గట్టిగా వెదురుగంప అల్లించి, పసుపు రాసి, అందులో మేనమామ చీర పెట్టుకుని బస్సెక్కాడు. పదిన్నరకు క్లబ్బు గేటు దగ్గర దిగాడు. లగ్నం పదకొండు ఇరవైకి.

గేటు దగ్గర వాచ్‌మన్ హన్మాండ్లు నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, ఖాకీ పాంటు, నడుముకు బెల్టు.

"ఏడికి పటేలా?"

"ఏడికేంది? లగ్గానికి. పిల్లకు మేనమామను."

"మేనమామవైతే సంతోషం. గని దోతి మీద లోపట్కి పోనియ్యరాదు. గా బోర్డు సూడు."

"నాకు సదువు రాదు తమ్మీ. నువ్వే సదువు."

హన్మాండ్లు చదివి వినిపించాడు. లింబాద్రి శ్రద్ధగా విన్నాడు.

"గట్లనా? మరి దోతి ఇప్పి రమ్మంటవా?"

హన్మాండ్లు నవ్వలేదు. బోర్డువైపు తిరిగి కాసేపు ఆలోచించాడు. "గది గుడ రాసిలేదు పటేలా" అన్నాడు.

గంప మీద బోర్డులో ఏమీ రాయలేదు కాబట్టి గంప లోపలికి పోయింది. చీర పోయింది. లింబాద్రి బయట మిగిలాడు.

హన్మాండ్లు చెడ్డవాడని మీరు అనుకోకూడదు. అంతకుముందు నెలలో ఒక మెంబరుగారి తండ్రిని, పెద్దమనిషి కదా అని, లుంగీతో లోపలికి పోనిచ్చాడు. దానికి పది దినాలు జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ పది దినాలూ ఇంటిల్లిపాదీ ఆయన్ను ఎన్నెన్ని మాటలన్నారో ఆయనకే తెలుసు. నౌకరీ నిలబెట్టుకోవాలనుకోవడం తప్పా?

కబురు లోపలికి వెళ్ళింది. లక్ష్మీరాజం పరుగున వచ్చాడు. బతిమాలాడు. పెళ్ళికి ముందు ఆయన సంతకం పెట్టిన కాగితం హన్మాండ్లు జేబులోనే ఉంది. అందులో పదిహేడు షరతులు. తొమ్మిదోది ధోవతి. మినహాయింపు ఇవ్వాలంటే సెక్రెటరీగారే ఇవ్వాలి. ఫోను చేశారు. సెక్రెటరీగారు పూజలో ఉన్నారట. ఇంకో అరగంట దాకా లేవరట. పూజలో పట్టుధోవతి కట్టుకుని కూర్చుంటారు కాబట్టి మధ్యలో లేచి ఫోను దాకా రావడం మడికి పనికిరాదట. చూశారా? ధోవతి ఎక్కడుంటే అక్కడ పనులు ఆగిపోతాయి!

తరువాత సుమిత్రమ్మ వచ్చింది. పెళ్ళికూతురి తల్లి, పట్టుచీర, నెత్తిన పూలు, కళ్ళల్లో నిప్పులు.

"నా తమ్మున్ని గేటు కాడ నిలవెడ్తవా? నీకు అక్కచెల్లెండ్లు లేరా?"

"ఉన్నరు అక్కా" అన్నాడు హన్మాండ్లు. "ఆల్లను సూసుకునేటందుకే గీ నౌకరి."

ఇక మిగిలిన ఉపాయం ఒక్కటే. పాంటు! అసలు ధోవతి కట్టాల్సిన అయ్యగారే లోపలికి ఎలా వచ్చారనుకున్నారు? అనుభవజ్ఞులు! పంచె మీద పాంటు తొడుక్కుని, స్కూటరు మీద గేటు దాటి, గదిలోకి వెళ్ళి పాంటు విప్పి మేకుకు తగిలించారు. పెళ్ళికొడుకు సూటూ బూటుతో వచ్చాడు. మన శాస్త్రం ప్రకారం ఆ పూటకు వరుడు సాక్షాత్తు లక్ష్మీనారాయణుడు కదా. ఆ నారాయణుడు టై కట్టుకుని వచ్చాడు కాబట్టి సరిపోయింది. పీతాంబరంతో దిగి ఉంటే హన్మాండ్లు ఏం చేసేవాడో తలచుకుంటే నాకు భయమేస్తుంది. లోపలికి వచ్చాక ఎవరేం కట్టుకున్నా హన్మాండ్లుకు పట్టింపు లేదు. ఆయన డ్యూటీ గేటు వరకే.

కాబట్టి లోపలినుంచి పాంట్లు రావడం మొదలైంది. లింబాద్రి గేటు బయట ఉన్న చెరుకురసం బండి చాటున నిలబడ్డాడు. మొదట లక్ష్మీరాజం పాంటు వచ్చింది. మోకాలు దాటలేదు. తరువాత మేకుకున్న అయ్యగారి పాంటు వచ్చింది. పిక్క దగ్గరే ఆగిపోయింది. వీడియో తీసే అతను తన బ్యాగులోనుంచి జీన్సు పాంటు ఇచ్చాడు. దాంట్లో పాదం దూరింది కానీ మళ్ళీ బయటికి రావడానికి ఇద్దరు మనుషులు లాగాల్సి వచ్చింది.

"గీ గొట్టాలల్ల కాళ్ళు వెట్టి మీరెట్ల నడుస్తరు బావా?" అని లింబాద్రి ఆయాసపడుతూ అడిగాడు.

గడియారంలో పదకొండు దాటింది. లోపల స్వరూప గంప పక్కన నిలబడి తలుపువైపు చూస్తోందని కబురొచ్చింది. "ఇంకో మామ వరస ఆయనతో ఎత్తించరాదా?" అని పెళ్ళికొడుకు తరఫువాళ్ళు మర్యాదగానే అడిగారట. పిల్ల తల అడ్డంగా ఊపిందట.

లింబాద్రి ఆ మాట విని బండికి ఆనుకుని కూర్చుండిపోయాడు. వేరొకడు గంప ఎత్తితే లగ్నం ఆగదు. కానీ ఆ పిల్లకు మేనమామ ఉండీ లేనివాడవుతాడు. పాంటు పట్టలేదన్న కారణానికి!

ఇదిగో, మన కిల్టు ఇక్కడ వస్తుంది.

పెళ్ళికి బ్యాండు బోధన్ దేవదాసుది. దేవదాసు బాకా వాయిస్తాడు. ఆదివారం చర్చిలో కీర్తనలకూ ఆయనే బాకా. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్‌లో ఒక మిలిటరీ పరేడు చూశాడు. కిల్టులు కట్టిన బ్యాండువాళ్ళు బారులు తీరి నడిచిపోతుంటే జనం టోపీలు తీశారట. అది ఆయన మనసులో నిలిచిపోయింది. క్యాసెట్ల పెట్టెలు వచ్చి బ్యాండు మేళాలను ఎవరూ పిలవని ఆ రోజుల్లో, తన మేళానికి కూడా కిల్టులు ఉండాలని పట్టుబట్టాడు. భార్య శారమ్మ కుట్టుమిషను మీద తొమ్మిది కుట్టింది. పక్కన మూడేసి తోలుపట్టీలు, ఇస్కూలు బెల్టుల బకిళ్ళు కూడా పెట్టింది.

మేళంవాళ్ళు మొదట ససేమిరా అన్నారు. ఒకసారి కట్టుకుని బస్సెక్కితే కండక్టరు ఎంతో మర్యాదగా ఆడవాళ్ళ సీట్లు చూపించాడట. దాంతో టెంపో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇంత చేసినా, ఆ రోజు తాళాలు వాయించే దాసు కిల్టు చూడగానే జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాడు. అందుకే మన జిల్లాలో కిల్టు అరుదు. మనవాళ్ళకు సిగ్గు ఎక్కువ. అది మంచిదే!

దాసు రానందువల్ల టెంపోలో ఒక కిల్టు మిగిలింది. పెళ్ళికొడుకును లోపల దింపి, మేళం గేటు బయట చెరుకురసం తాగుతోంది. దేవదాసు గ్లాసు పక్కన పెట్టి లింబాద్రి దగ్గరికి వచ్చాడు.

"కాకా, ఒక ముచ్చట చెప్త. కోపం చెయ్యకు."

చెప్పాడు. లింబాద్రి లేచి నిలబడ్డాడు.

"థూ! గది ఆడివిల్లల లంగ లెక్కుంది గదరా! గది కట్టుకోని నేను పిల్లను ఎత్తుకోవాల్నా? మా మోస్రల తెలిస్తే చెరుకు కొట్టేటోల్లు గుడ నా పొలంకు రారు!"

"కట్టుకునే ముందుగాల ఒక్కపారి ముట్టి సూడు."

లింబాద్రి అయిష్టంగా అంచు పట్టుకున్నాడు. వేళ్ళతో నలిపాడు. గళ్ళు చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

"గిది లుంగి గాదా?"

"లుంగే. గంజిల కొన్న. మా శారమ్మ కుచ్చిండ్లు వెట్టింది. దీన్ని కిల్టంటరు. కిల్టంటె గేటు తెరుస్తరు."

"మరి లుంగంటె?"

"బోర్డు సూపెడ్తరు."

లింబాద్రి ఇంకేమీ అడగలేదు. ధోవతిని మోకాళ్ళ పైకి ఎగదోపి, దాని మీద కిల్టు చుట్టుకున్నాడు. దాసుకు వదులుగా ఉండే కిల్టు లింబాద్రి నడుముకు చివరి చిల్లు దగ్గర అందింది. దేవదాసు మోకాలు ఆనించి పట్టీలు బిగించాడు. నెత్తిన ఈకల టోపీ పెట్టాడు. చేతిలో ఇత్తడి తాళాలు పెట్టాడు. లోపల ధోవతి, పైన కుచ్చిళ్ళు, ఆ పైన లింబాద్రి మీసాలు! అంతటి నిండైన కిల్టును స్కాట్లండ్‌లో కూడా ఎవరూ చూసి ఉండరు.

మేళం కదిలింది. లింబాద్రి చివరి వరుసలో తాళాలు కొడుతూ నడిచాడు. పాటకూ ఆ దెబ్బలకూ ఏ సంబంధమూ లేదు.

హన్మాండ్లు ఆయన్ని గుర్తుపట్టలేదనుకుంటున్నారా? అరగంటకు పైగా ఎదురుగా నిలబడ్డ మనిషిని ఎవరు మరిచిపోతారు? మీసాలు చూశాడు. కాళ్ళు చూశాడు. తరువాత వెనక్కి తిరిగి బోర్డు మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ ఒకసారి చదివాడు. కిల్టు మాట ఎక్కడా లేదు. ఆయన ముఖం విప్పారింది. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, కాలు నేలకేసి కొట్టి సెల్యూటు చేశాడు!

పదకొండు పదిహేను. లింబాద్రి పెళ్ళికూతురి గదిలోకి ఉరికాడు. కిల్టు విప్పి ధోవతి దించుకోవాలి. చివరి చిల్లులో బిగుసుకున్న బకిలు రాలేదు. దాన్ని బిగించిన దేవదాసు పందిట్లో బాకా ఊదుతున్నాడు. సుమిత్రమ్మ గుంజింది. లక్ష్మీరాజం గుంజాడు. పట్టీ ఇంకా బిగుసుకుంది. అయ్యగారు బయటినుంచి "ముహూర్తం, ముహూర్తం!" అని కేకలేస్తున్నారు.

స్వరూప ఈ గందరగోళం అంతా చూసింది. పొద్దున్నుంచి ఏడుపు ఆపుకుంటున్న పిల్ల ఫక్కున నవ్వింది. గంపలో కూర్చుని చేతులు చాచింది.

"ఎట్లుంటే అట్లనే ఎత్తు మామా. నువ్వు వచ్చినవు, గంతే చాలు."

లింబాద్రి ఎత్తాడు. గంపలో పెళ్ళికూతురు, కింద కిల్టు, కిల్టు కింద ధోవతి కొసలు. అయ్యగారు ఒక్క క్షణం మంత్రం ఆపారు. ధోవతి అంచు కనబడగానే "అడుగున ఉంది కదా, శాస్త్రం దెబ్బతినలేదు" అని మళ్ళీ అందుకున్నారు. వీడియో అతను పెళ్ళికొడుకును వదిలేసి లింబాద్రి కాళ్ళ వెంట పడ్డాడు. ఆ క్యాసెట్టు నేను చూశాను. తాళి కట్టే ఘట్టం రెండు నిమిషాలుంది. కిల్టు ఏడు నిమిషాలుంది.

పెళ్ళికొడుకు తరఫువాళ్ళు నోరెళ్ళబెట్టి చూశారు. పట్నంలో ఇది ఇంకా రాలేదే అని ఒకాయన పక్కవాడితో అన్నాడు. మధ్యాహ్నం పూజ ముగించుకుని, సఫారీ సూటు వేసుకుని సెక్రెటరీగారు వచ్చారు. నేరుగా లింబాద్రి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని ఊపారు.

"వెరీ డిగ్నిఫైడ్! మా క్లబ్బులో ఇలాంటి డ్రెస్సు కనబడటం ఇదే మొదటిసారి. ఎక్కడిదండీ ఇది?"

"నాది మోస్ర సారూ" అన్నాడు లింబాద్రి.

సెక్రెటరీగారు ఆ దేశం తనకు బాగా తెలిసినట్టే తల ఊపారు.

ఇక్కడ ఆపేస్తే నా వాదం పూర్తిగా గెలిచినట్టే. ధోవతి గేటు బయట ఆగింది, నియమం నిలబడింది, పెళ్ళి జరిగింది, కిల్టుకు గౌరవం దక్కింది. ఇంతకన్నా ఏం కావాలి? కానీ ముత్తాతల నుంచి ధోవతికి అలవాటుపడ్డవాళ్ళకు సుఖంగా ఉండటం చేతకాదు. లింబాద్రి ఏం చేశాడో చూడండి.

భోజనాలయ్యాక దేవదాసు పట్కారు తెచ్చి బకిలు ఊడదీశాడు. లింబాద్రి ధోవతి దించుకుని, పెద్దగా ఊపిరి పీల్చాడు. మేళానికి సాయంత్రం వర్నిలో ఇంకో పెళ్ళి ఉంది. తనకోసం ఇంత చేసినవాళ్ళు సామాను మోసుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఆయనకు తెలియదు. పెద్ద డోలు భుజాన వేసుకుని టెంపో దాకా వెళ్ళాడు. టెంపో బయలుదేరింది. కిల్టులన్నీ అందులోనే వెళ్ళిపోయాయి.

లింబాద్రి వెనక్కి తిరిగాడు. గేటు మూసి ఉంది.

హన్మాండ్లు ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు. "పటేలా… మల్ల దోతి మీద ఉన్నవు" అన్నాడు మెల్లగా.

"అవు తమ్మీ. యాది మర్సిన."

"సెక్రెటరీ సాబు లోపట్నే ఉన్నడు. నేనేం జెయ్యాలె?"

"నువ్వేం జెయ్యకు. నీ నౌకరి నువ్వు జేస్కో. నేను ఈడ్నే కూసుంట."

చెరుకురసం బండి పక్కన ముక్కాలిపీట ఉంది. లింబాద్రి దాని మీద కూర్చున్నాడు. లోపల అప్పగింతల వేళయింది. తల్లి, తండ్రి, మేనమామ, ఒక్కొక్కరే పిల్ల చేతుల్ని పాలల్లో ముంచి అత్తవారి పెద్దల చేతుల్లో పెట్టాలి. పాలగిన్నె తెచ్చారు. తల్లి వచ్చింది. తండ్రి వచ్చాడు.

"మామ ఏడి?" అంది స్వరూప.

ఎవరో చిన్నగా "గేటు బయట" అన్నారు.

"దోతి మీదనా?"

"అవు."

స్వరూప పాలగిన్నె చేతుల్లోకి తీసుకుంది. "అయితే గేటు బయటనే ఇయ్యుండ్రి నన్ను" అని నడిచింది. కొంగులు ముడివేసి ఉన్నాయి కాబట్టి పెళ్ళికొడుకు కూడా నడిచాడు. ఆయన వెనక అత్తమామలు నడిచారు. వాళ్ళ వెనక అయ్యగారు, వీడియో అతను, వండేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, మేము. లోపల పచ్చటి లాను, తిరుగుతున్న ఫ్యాన్లు, వరుసగా కుర్చీలు, ఆ కుర్చీల మధ్య ఒంటరిగా సెక్రెటరీగారు మిగిలారు.

తారు రోడ్డు మీద, చెరుకురసం బండి నీడలో అప్పగింతలు జరిగాయి. బోధన్ బస్సు ఆగింది. డ్రైవరు హారను కొట్టలేదు. ప్రయాణికులు కిటికీల్లోనుంచి చూస్తూ వాళ్ళ వాళ్ళ పిల్లలను తలచుకున్నారు.

లింబాద్రి స్వరూప చేతులు పట్టుకుని పాలల్లో ముంచాడు. వాటిని ఆమె అత్తగారి చేతుల్లో పెట్టాడు. పాలు కారుతున్న తన బొటనవేలి మచ్చను పిల్లకు చూపించాడు. అంతే, అందరికీ ఒక్కసారి కన్నీళ్ళు వచ్చాయి.

అక్కడ తెలిసింది నాకు పాంటులోని చిన్న లోపం. పాంటుకు కొంగు లేదు! లక్ష్మీరాజం జేబులన్నీ వెతుక్కున్నాడు. దస్తీ దొరకలేదు, కిరాణా చీటీ దొరికింది. పెళ్ళికొడుకు తండ్రి టైతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేను చొక్కా చేతులు వాడుకున్నాను. లింబాద్రి మాత్రం ధోవతి కొంగు తీసి స్వరూప కళ్ళు తుడిచాడు. అక్క కళ్ళు తుడిచాడు. బావ కళ్ళు తుడిచాడు. పెళ్ళికొడుకు కూడా ముఖం వంచాడు. ధోవతి పెద్దది. అందరికీ సరిపోయింది.

కారు కదిలిపోయింది. అప్పుడు వెనకనుంచి ఎక్కిళ్ళు వినబడ్డాయి. గేటు ఊచలు పట్టుకుని హన్మాండ్లు ఏడుస్తున్నాడు. ఆయన తన కూతుర్ని కిందటేడే అత్తవారింటికి పంపించాడట. ఖాకీ చొక్కా చేతులు మోచేతి దాకే ఉన్నాయి. పాంటు సంగతి తెలిసిందే. డ్యూటీ వదిలి బయటికి రాకూడదు. కన్నీళ్ళు బెల్టు మీద పడుతున్నాయి.

లింబాద్రి లేచి గేటు దగ్గరికి వెళ్ళాడు. ధోవతి కొంగు ఊచల సందునుంచి లోపలికి చాపాడు.

"తుడుసుకో తమ్మీ."

హన్మాండ్లు వెనక్కి తిరిగి లానువైపు చూశాడు. పైన బోర్డువైపు చూశాడు. రెండు చేతులా కొంగు అందుకుని ముఖమంతా తుడుచుకున్నాడు.

ఆ విధంగా, ఏ కిల్టు కిందా దాక్కోకుండా, పట్టపగలు, అందరి ఎదుటా ఆ క్లబ్బు గేటు లోపలికి ధోవతి ప్రవేశించింది. నియమం చెడిపోయిందని పెద్దలెవరూ కంగారుపడాల్సిన పని లేదు. వచ్చింది జానెడే.